పడుకుని చూడండి సార్!

బెజవాడలో ఏది కొనాలన్నా ముందు ఏ రోడ్డుకు వెళ్లాలో తెలియాలి. బట్టలకైతే వన్‌టౌన్‌లో వస్త్రలత. పుస్తకాలకు ఏలూరు రోడ్డు. చెప్పుల నుంచి చేతి రుమాళ్ల దాకా చిల్లర సరుకంతా బీసెంట్ రోడ్డు. లారీకి బోల్టు కావాలంటే ఆటోనగర్. పరుపులకు మాత్రం ఇదీ అని చెప్పడానికి ఓ రోడ్డంటూ లేదు. ఊరంతా ఉన్నాయి దుకాణాలు. ఏలూరు రోడ్డు పట్టుకుని గుణదల వైపు వెళ్లినా, బందరు రోడ్డు మీద బెంజి సర్కిల్ వైపు నడిచినా, నిలువెత్తు అద్దాల వెనక తెల్లగా, మెత్తగా, పాలకోవా దిమ్మల్లా పరుపులు కనిపిస్తూనే ఉంటాయి. అద్దం మీద ఎర్రక్షరాలతో ‘యాభై శాతం తగ్గింపు’. ఆ తగ్గింపు సంక్రాంతికీ ఉంటుంది, ఆషాఢానికీ ఉంటుంది, దసరాకీ ఉంటుంది. లేని రోజు ఎప్పుడో నేనింతవరకు చూడలేదు.

లోపల అడుగుపెడితే మొదట వినిపించే మాట ‘రండి’ కాదు, ‘పడుకోండి’!

‘ముందు ఒక్కసారి పడుకుని చూడండి సార్. తర్వాత మాట్లాడుకుందాం.’

ఇదో చిత్రమైన మర్యాద. చీరల కొట్లో కూర్చోబెడతారు, మజ్జిగో కూల్‌డ్రింకో ఇస్తారు. బంగారం కొట్లో కుర్చీ లాగి వేస్తారు. పరుపుల కొట్లో మాత్రం చెప్పులు విప్పించి వెల్లకిలా పడుకోబెడతారు. పదిమంది ముందు పడుకోవడం మనకు రైల్లో తప్ప అలవాటు లేని పని. అందులోనూ చీర కట్టుకున్న పెద్దావిడ, పాతికేళ్ల కుర్రాడు నిలబడి చూస్తుండగా కాళ్లు చాపుకుని ఎలా పడుకుంటుంది? అందుకే మనవాళ్లు చాలామంది అంచు మీద కూర్చుని, అరచేత్తో రెండుసార్లు నొక్కి ‘బాగానే ఉంది’ అనేస్తారు. పదేళ్లు నడుం వాల్చాల్సిన వస్తువును అరచేత్తో పరీక్షించి కొనేస్తామన్నమాట. పడుకున్న మనిషి మరీ ఇబ్బందిలో పడతాడు. కింద ఉన్నవాడు పైనున్నవాడితో బేరం ఎలా ఆడతాడు చెప్పండి!

2024 అక్టోబరులో మా పిన్నితో కలిసి ఈ దుకాణాలన్నీ తిరగాల్సి వచ్చింది. పిన్నిది అజిత్‌సింగ్‌నగర్. ఆ ఏడాది ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు బుడమేరుకు మూడుచోట్ల గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక, రాజరాజేశ్వరిపేట ఎలా మునిగాయో అందరికీ తెలుసు. 2005లోనూ బుడమేరు ఊళ్లోకి వచ్చింది. కానీ ఇంత నీళ్లు, ఇన్ని రోజులు నిలబడటం పిన్ని ఎరగదు. కింది వాటా ఇల్లు కావడంతో గోడ గడియారం కింద దాకా వచ్చాయి. బాబాయిని, పిన్నిని మేడ మీది వాళ్లు పైకి లాక్కుని కాపాడారు.

నీళ్లు తీశాక ఆ వీధుల్లో ఎవరైనా నడిచి ఉంటే ఒకటి గమనించే ఉంటారు. ప్రతి గుమ్మం ముందూ పరుపులే. ఫ్రిజ్జులు, కుట్టుమిషన్లు, పిల్లల పుస్తకాలు కూడా ఉన్నాయి గానీ, కంటికి అడ్డం పడేవి పరుపులే. బురద పీల్చుకుని ఉబ్బి, నలుగురు మోస్తే గానీ కదలని బరువుతో, గోడలకు చేరగిలబడి ఉండేవి. నీళ్లల్లో పడిన స్టీలు గిన్నెలు తోముకుంటాం, చీరలు ఉతుక్కుంటాం. మురుగు తాగిన పరుపును ఏం చేస్తాం? పారిశుద్ధ్య కార్మికులు ట్రాక్టర్లలో ఎత్తుకుపోయారు. పక్క ఊళ్ల నుంచి వచ్చి రోజుల తరబడి ఆ పని చేసిన వాళ్లకు దండం పెట్టాలి.

పిన్నివి రెండు పరుపులు పోయాయి. ఒకటి మొన్నమొన్న కొన్న ఫోమ్‌ది. దాని గురించి ఆవిడ బాధపడలేదు. రెండోది పెళ్లినాటి బూరుగు దూది పరుపు.

ఏకులవాడి విల్లు

బూరుగు దూది సంగతి ఈ తరానికి కాస్త చెప్పాలి. ఎండాకాలంలో బూరుగు చెట్టు కాయలు పగిలి తెల్లటి పింజలు గాల్లో తేలతాయి. పట్టులా జారుతుంది కనుక ఆ దూదితో నూలు వడకలేరు. అందుకే అది బట్టలకు కాకుండా దిండ్లకు, పరుపులకు వచ్చింది. తేలిక. నీళ్లు తొందరగా పట్టదు. ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షణ కోట్లలో ఈ దూదినే కూరేవారు. అంటే నీళ్లలో తేలే సరుకు. అయినా బుడమేరు ముందు ఎంతసేపు తేలుతుంది పాపం! గుడ్డ సంచిలో రోజుల తరబడి మురుగులో నానింది.

ఆ పరుపును రెండు మూడేళ్లకోసారి విప్పి ఏకించేవారు. భుజాన పెద్ద విల్లు వేసుకుని దూదేకులాయన వీధిలోకి రావడం, ఆ నారిని కొయ్యతో మీటుతుంటే ‘టుంయ్ టుంయ్’మన్న చప్పుడు, ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆయన కనుబొమలు తెల్లబడిపోవడం... నా చిన్నప్పటి వేసవి సెలవుల్లో సగం అదే. గడ్డలు కట్టిన దూది ఆ విల్లు దెబ్బకు విడిపోయి, ఇంతున్నది అంతయ్యేది. నూర్ బాషాలని, దూదేకులవారని పిలిచే కుటుంబాల్లో తరతరాల పని అది. ఇప్పుడు విల్లు పోయి మోటారు మిషను వచ్చింది. చారల పరుపు గుడ్డలో కూరి, సూదితో అక్కడక్కడా కుట్లు వేసి, సాయంత్రానికి కొత్త పరుపు చేతిలో పెట్టేవారు. అదే దూది, అదే ఇల్లు, కొత్త నిద్ర. అందులో ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ల ప్రసక్తే లేదు.

‘నా పరుపు నలభై ఏళ్లొచ్చిందిరా’ అంది పిన్ని. ‘ఇప్పుడు పదేళ్లకు గ్యారంటీ కాగితం ఇస్తామంటున్నారు, అదేదో గొప్పన్నట్టు.’

అలాగని మళ్లీ దూది పరుపే కొందామా అంటే బాబాయికి నడుం నొప్పి. దూది కొన్నాళ్లకు మధ్యలో పల్లం పడుతుంది. ఏకించే ఓపిక ఆవిడకు లేదు, ఎండలో వేయడానికి మేడ తమది కాదు. సర్కారు వారు కింది వాటాల ఇళ్లకు ప్రకటించిన 25 వేలు బ్యాంకులో పడ్డాయి. అందులోనే స్టవ్వు, మిక్సీ, బియ్యం డబ్బా, పరుపు అన్నీ రావాలి. టేకు మంచం ఒక్కటే నీళ్లకు నిలబడింది.

‘ఆర్థో’ మంత్రం

మొదటి దుకాణంలో ముగ్గురు కుర్రాళ్లు ఒకేసారి చుట్టుముట్టారు. ‘ఎవరికమ్మా? బాబాయి గారికా? నడుం నొప్పా? అయితే మీకు ఆర్థోనే!’ అన్నాడొకడు, డాక్టరు చీటీ రాసినట్టు. పరుపుల లోకంలో ఈ ‘ఆర్థోపెడిక్’ అన్నది మహామంత్రం. గట్టిగా ఉన్నదాన్నీ ఆర్థో అంటారు, మెత్తగా ఉన్నదాన్నీ ఆర్థో అంటారు. దానికి కొలత ఏమిటయ్యా అంటే జవాబు లేదు. ‘డాక్టర్లే చెబుతారు మేడమ్’ అన్నాడు.

డాక్టర్లు ఏమన్నారో నాకు కొంచెం తెలుసు. నడుం నొప్పికి బల్లలా గట్టిగా ఉన్నదాని మీదే పడుకోవాలని మన పెద్దలూ అన్నారు, చాలాకాలం వైద్యులూ అన్నారు. స్పెయిన్‌లో 313 మంది దీర్ఘకాల నడుం నొప్పి ఉన్నవాళ్లకు రెండు రకాల పరుపులిచ్చి మూడు నెలలు చూశారు. 2003లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఆ ఫలితం వచ్చింది. బాగా గట్టి పరుపు మీద పడుకున్నవాళ్ల కంటే మధ్యరకం గట్టిదనం ఉన్నదాని మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ ఉపశమనం దొరికిందట. భుజం, పిరుదు కాస్త దిగాలి, నడుం మాత్రం వేలాడకూడదు. సంగతంతే. ఈ ముక్క చెప్పబోతే ఆ కుర్రాడు ‘కరెక్ట్ సార్, ఇది సరిగ్గా అదే!’ అన్నాడు. మనం ఏం చెప్పినా ‘ఇది సరిగ్గా అదే’ కావడం వాళ్లకు మొదటిరోజు నేర్పే పాఠం కాబోలు.

తర్వాత మెమరీ ఫోమ్ దగ్గరికి తీసుకెళ్లాడు. చెయ్యి నొక్కితే అచ్చు పడి మెల్లగా లేచింది. ‘ఇది నాసా వాళ్లది మేడమ్. రాకెట్లలో వాడతారు.’ ఇందులో కొంత నిజముంది. 1960లలో విమానం సీట్ల కోసం నాసా చేయించిన పనిలోనే అది పుట్టింది. అయితే ఆ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడుతుంది, ఆ వేడిని దాచుకుంటుంది. మే నెలలో బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు కదా! కరెంటు పోయిన రాత్రి ఆ రాకెట్టు మీద పడుకునేది ఎవరు?

ధర చీటీ మీద 52 వేలు. కొట్టేసి 31. పిన్ని లేవబోయింది. ‘ఆగండమ్మా, మేనేజర్‌గారిని అడిగొస్తా’ అంటూ లోపలికెళ్లాడు. రెండు నిమిషాలకు నుదురు తుడుచుకుంటూ, ఏదో యుద్ధం గెలిచినవాడిలా వచ్చాడు. 28. రెండు దిండ్లు ఫ్రీ. ఈ రోజు సాయంత్రం ఎనిమిది దాకానే. వడ్డీ లేని వాయిదాలు కూడా. ‘పాత పరుపు తెస్తే ఇంకో రెండు వేలు తగ్గిస్తాం.’

‘పాతది బుడమేరు తీసుకుందయ్యా. కొల్లేట్లో వెతుక్కో’ అంది పిన్ని.

నలభై అంటే ఎంత?

రెండో దుకాణంలో అసలు కథ జరిగింది. అక్కడ అంత హడావుడి లేదు. పిన్ని తన బడ్జెట్ చెబితే, మొత్తం ఫోమ్‌తో చేసిన పరుపు ఒకటి చూపించారు. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, అయిదంగుళాల మందం. 14 వేలు. ‘నలభై డెన్సిటీ అమ్మా. ఈ రేటుకు ఊళ్లో ఎవడూ ఇవ్వడు.’

‘నలభై అంటే ఏమిటి నలభై?’

‘అంటే... క్వాలిటీ అమ్మా.’

‘క్వాలిటీకి అంకె ఏమిటి? నూటికి నలభై మార్కులా?’

పెద్ద సేల్స్‌మన్ నవ్వేశాడు. వెనక నిలబడ్డ కుర్రాడు మాత్రం, కొత్తగా చేరినట్టున్నాడు, ‘ఘనపు మీటరుకు నలభై కిలోలండి’ అన్నాడు.

ఆ ‘కిలోలు’ అన్న మాట వినగానే పిన్ని మొహం మారింది. ముప్ఫై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన మనిషి. డెన్సిటీ తెలియకపోవచ్చు గానీ కిలో అంటే ఏమిటో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. ‘ఒరేయ్, ఇది ఎన్ని కిలోలు ఉండాలో లెక్కగట్టు’ అంది నాతో.

సెల్‌ఫోన్‌లో లెక్క వేశాను. 72 అంగుళాలు, 60 అంగుళాలు, 5 అంగుళాలు. గుణిస్తే 21,600 ఘనపుటంగుళాలు. ఘనపు మీటరుకు 61 వేల పైచిలుకు. అంటే ఈ పరుపు మీటరులో మూడో వంతు కంటే రవ్వంత ఎక్కువ. నలభై డెన్సిటీ అయితే 14 కిలోలుండాలి. ముప్ఫై రెండైతే 11 కిలోల పైన.

‘తూయండి’ అంది పిన్ని.

‘పరుపును తూయడమేంటమ్మా! కాటా ఎక్కడుంది ఇక్కడ?’

‘పక్క పార్శిల్ ఆఫీసులో ఉందండి’ అని నోరు జారాడు కుర్రాడు. పెద్దాయన చూసిన చూపుకు ఆ కుర్రాడు నాలుగడుగులు వెనక్కి వేశాడు.

పిన్ని వదిలేస్తే కదా! పద్నాలుగు వేల బేరం పోతుందని పెద్దాయన ఒప్పుకోక తప్పలేదు. ఇద్దరం చెరో పక్క పట్టుకుని, ప్లాస్టిక్ కవరుతో సహా పరుపును పార్శిల్ ఆఫీసుకు మోశాం. దారిలో టీ తాగుతున్నవాళ్లు కూడా వెంట వచ్చారు. మిరపకాయ బస్తాల మధ్య కాటా మీద నిలబెట్టారు దాన్ని. 9 కిలోల 600 గ్రాములు. పైగుడ్డ, కవరు అన్నీ కలిపి.

అంటే ఎంత లాగినా డెన్సిటీ ఇరవై ఏడు దాటదు. నలభై అన్నది మాట మాత్రమే.

‘బాబూ, నా కొట్లో కిలోకు యాభై గ్రాములు తగ్గితేనే జనం గుమ్మం ముందు నిలబడి అడిగేవారు. నువ్వు నాలుగు కిలోలు పైన తగ్గించావు’ అంది పిన్ని. గొంతు పెంచలేదు. ఆయన ‘కంపెనీ వాళ్లు చెప్పిందే మేం చెబుతామమ్మా’ అని గొణిగాడు.

ఇది ఫోమ్ ఒక్కదానికే పనికొచ్చే లెక్క. స్ప్రింగులున్న వాటికి, కొబ్బరిపీచు కలిసిన వాటికి కుదరదు. పైగా బరువు సరిపోయినంత మాత్రాన మంచి ఫోమ్ అని కూడా కాదు. సుద్దపొడిలాంటివి కలిపి బరువు పెంచడం కూడా ఈ వ్యాపారంలో ఉంది. కానీ బరువు తక్కువుందంటే మాత్రం చెప్పిన డెన్సిటీ లేదనే అర్థం. అది తప్పించుకోలేరు. ఇంకోటి... ముక్కలు ముక్కలుగా రంగురంగుల ఫోమ్ కనిపిస్తే అది తుక్కు ఫోమ్‌ను జిగురుతో అదిమి చేసింది. అడుగు పొరగా అది చెడ్డదేమీ కాదు, గట్టిగా ఉంటుంది. అయితే కొత్త ఫోమ్ ధర పెట్టి దాన్ని కొనకూడదు. జిప్పు ఉంటే తీసి చూపించమనండి. చూపించనంటే చెప్పులేసుకోండి.

గ్యారంటీ కార్డు కూడా అక్కడే నిలబడి చదవాలి. వెనకవైపు చీమల బారులా ఉన్న అక్షరాలు చదివితే, మరక పడితే వర్తించదని ఉంటుంది. అంగుళమో ఎంతో గుంట పడితేనే ఫిర్యాదు తీసుకుంటామని ఉంటుంది. కొన్నేళ్లు గడిచాక కొత్తదానికి కొంత సొమ్ము మనమే కట్టాలని ఉంటుంది. పదేళ్లు అన్న అంకె మాత్రం ముందువైపు బంగారు రంగులో! బిల్లు మీద డెన్సిటీ, మందం, లోపలి సరుకు రాయించుకుంటే, రేపు తేడా వచ్చినప్పుడు 1915కు ఫోన్ చేసి చెప్పుకోవడానికి ఓ ఆధారం ఉంటుంది. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

మేం బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడితే ఆ కుర్రాడే సైకిల్ స్టాండు వెనక నుంచి వచ్చాడు. నందిగామ వైపు అట. డిగ్రీ చదివాడట. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. పడుకునే వస్తువుల మధ్య కూర్చోవడానికి లేదు! జీతం చెప్పుకోదగ్గది కాదు, ఫలానా రకం అమ్మితే ముక్కకు ఇంత అని పైన ఇస్తారు. ‘ఆ రకమే ముందు చూపించమంటారండి. నెలాఖరుకు టార్గెట్ కాకపోతే మాట పడాలి’ అన్నాడు. పిన్ని అతనికీ టీ చెప్పింది. వాళ్ల ఒత్తిడి చూసి మనకు చిరాకొస్తుంది గానీ, ఆ ఒత్తిడి వాళ్ల దగ్గర పుట్టింది కాదు. పై నుంచి దిగుతూ దిగుతూ చివరికి మన నెత్తిన పడుతుంది.

ఇంట్లోంచి కదలకుండా ఫోన్‌లోనే తెప్పించుకుంటే ఈ గొడవే లేదంటారు మా పిల్లలు. పరుపును చాపలా చుట్టి అట్టపెట్టెలో పంపుతారు, వంద రాత్రులు పడుకుని నచ్చకపోతే తిరిగి తీసుకుంటామంటారు. మొహమాటం ఉన్నవాళ్లకు అది మేలే. పిన్ని ఒప్పుకోలేదు. ‘కనపడని వాడితో బేరమేంటి?’ అంది.

చివరికి సత్యనారాయణపురంలో ఓ పాత దుకాణంలో తెమిలింది. యజమాని పేపరు చదువుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు, పడుకోమనలేదు. ‘ఏ సైజు?’ అన్నాడు. ‘నడుం నొప్పి ఎవరికి, బరువెంత?’ అన్నాడు. రోజంతా తిరిగితే మనిషి బరువు అడిగింది ఆయనొక్కడే. కొబ్బరిపీచుకు రబ్బరు పాలు పట్టించి అదిమిన నాలుగంగుళాల దిమ్మ, దాని మీద అంగుళం ఫోమ్. ‘గాలాడుతుంది, వేడెక్కదు. అయిదారేళ్ల తర్వాత కొంచెం దిగుతుంది. మూడు నెలలకోసారి తల వైపును కాళ్ల వైపుకు తిప్పుకోండి’ అన్నాడు. దిగుతుందని అమ్మేవాడే చెప్పడం పిన్నికి నచ్చింది. 12,800 చెప్పాడు. పిన్ని పదకొండంది. పదకొండున్నరకు ఇచ్చి మళ్లీ పేపరు తీశాడు. అలా లేవకుండా కూర్చునేవాళ్లందరూ నిజాయితీపరులని కాదు. ఈయన వరకు తూకం సరిపోయింది.

ట్రాలీ ఆటోలో పరుపు అడ్డంగా కట్టి, మేం వెనక కూర్చుని సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కాం. నెల కిందట పడవలు వచ్చి ఆగింది ఆ వంతెన దగ్గరే. భోజనం పొట్లాలు, పాల ప్యాకెట్లు పంచింది అక్కడే. పిన్ని వంతెన దిగేదాకా పరుపు తాడు వదల్లేదు. వీధిలో గోడల మీద నీటి గీత ఇంకా అలాగే ఉంది. కొన్ని ఇళ్లకు దాని కింద వరకే కొత్త సున్నం.

లోపలికెళ్లి చూస్తే టేకు మంచం నాలుగు కాళ్ల కిందా మూడేసి ఇటుకలు పెట్టించి ఉంది. బాబాయి ఎక్కడానికి పక్కన ఓ పీట కూడా వేసి ఉంచింది. ఆయన పీటెక్కి, మెల్లగా ఒరిగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

‘ఎలా ఉంది?’ అంది పిన్ని.

‘ఎంతయింది?’

‘పదకొండున్నర.’

కాసేపు మాట్లాడలేదు. ‘మిక్సీకి మిగిలాయిగా. ఫ్యాను వేయి’ అన్నాడు.